పాత స్పోర్ట్సు కారు పెట్రోలు అధికముగా త్రాగుటకు కారణము కనుగొను విధము

మోటారు కారు పొగగొట్టమునుండి నల్లని పొగ వచ్చుట, కారు నిలిపియున్నప్పుడు పెట్రోలు వాసన కొట్టుట, మునుపు నడచినంత దూరము నడువకయే టాంకు ఖాళీ యగుట, ఈ మూడును ఒక్క వ్యాధికి లక్షణములు. ఇంజనునకు కావలసినదానికంటె ఎక్కువ పెట్రోలు పోవుచున్నదని వీని యర్థము. ఇట్టి కారు కనబడగానే పలువురు కార్బురేటరును నిందింతురు. స్క్రూడ్రైవరు తీసికొని కనబడిన స్క్రూల నెల్ల త్రిప్పుదురు. అప్పటికిని కుదురనిచో క్రొత్త సామాను కొందురు. రోగి నాడి చూడక మందిచ్చు వైద్యుని పని యెట్టిదో ఇదియు నట్టిదే. అసలు కారణమును వరుసగా, తక్కువ ఖర్చుతో, అపాయము లేకుండ కనుగొను విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. విద్యార్థులు తరగతిలో నేర్చుకొనిన గాలి యొత్తిడి, సాంద్రత, దహనము మొదలగు విషయములు వీధిలోని యంత్రమున నెట్లు పనిచేయుచున్నవో దీనివలన తెలిసికొనగలరు.

మొదట వ్యాధి స్వరూపమును చూతము. కిరసనాయిలు లాంతరు వత్తిని మితిమించి పైకెత్తినచో ఏమగును? మంట పెద్దదగును గాని వెలుగు హెచ్చదు, చిమ్నీ మసిబారును. వత్తి పీల్చు నూనెకు చాలినంత గాలి అందకపోవుటయే దీనికి కారణము. ఇంజనునందు జరుగునదియు నిదియే. ఒక తూనిక పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 తూనికల గాలి కావలెను. నేడు మన బంకులలో దొరకు పెట్రోలున నూటికి 20 వంతులవరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో కొంత ప్రాణవాయువు ముందే యున్నది గనుక ఆ మిశ్రమమునకు సుమారు 13.5 తూనికల గాలియే చాలును. గాలి యింతకంటె తగ్గినను, పెట్రోలు హెచ్చినను కొంత ఇంధనము కాలక మసిగా మారును. మెకానికులు ఇట్టి మిశ్రమమును 'రిచ్' అందురు. మనము దీనిని చిక్కని మిశ్రమమని చెప్పుకొందము. గాలి హెచ్చినచో నది పలుచని మిశ్రమము.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. పాత కారు కార్బురేటరు పూర్వపు పెట్రోలునకు తగినట్లు చేయబడినది. నేటి పెట్రోలుకు గాలి తక్కువ చాలును గనుక అదే కారునందు మిశ్రమము కొంత పలుచబడవలెనే గాని చిక్కబడరాదు. అయినను నల్లని పొగ వచ్చుచున్నచో నెపమును పెట్రోలు కూర్పుపై వేయుటకు వీలులేదు; కారులోనే ఎక్కడనో లోపము గలదని నిశ్చయింపవచ్చును. కాని ఇథనాలు కొన్ని పాత రబ్బరు భాగములను ఉబ్బించి చెరుపును. అట్లు చెడిన రబ్బరు వలన పెట్రోలు పొంగిపొరలుట కలదు.

ఉదాహరణమునకు ఆంగ్లదేశపు ఎం.జి. స్పోర్ట్సు కారును తీసికొందము. ఆబింగ్డను పట్టణమున ఎం.జి.ఏ. అను కారు 1955 మొదలు 1962 వరకును, ఎం.జి.బి. అను కారు 1962 మొదలు 1980 వరకును తయారయినవి. ఇవి మన దేశమున అరుదు. అయినను వీని యింజను మన నర్సీపట్నము మెకానికులకు పరాయిది కాదు. ఏలయనగా తొలి ఎం.జి.ఏ. కారు యొక్క 1489 సి.సి. ఇంజనును, 1959 తరువాతి మన అంబాసిడరు కారు ఇంజనును ఒక్క కుటుంబమునకు చెందినవే. ఎం.జి.బి. యొక్క 1798 సి.సి. ఇంజనును ఆ కుటుంబములోనిదే. బెంగాలునందలి ఉత్తరపాడాలో అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినను, ఆ యింజనును విప్పి బిగించిన చేతులు మన ప్రాంతమున నింకను గలవు. ముఖ్యమైన భేద మొక్కటే: అంబాసిడరునకు కార్బురేటరు ఒకటి, ఎం.జి.కి రెండు.

ఆ రెండును ఎస్.యు. అను జాతివి. స్కిన్నరు సోదరులను వారు దీనిని కల్పించిరి. వారిది చెప్పుల వ్యాపారపు కుటుంబము. తొలి నమూనాలలో తోలుతిత్తి యుండెడిది. తరువాత తోలునకు బదులు లోహపు పిస్టను వచ్చెను. దీని పని మిక్కిలి సులభము. ఇంజను గాలిని పీల్చిన కొలది పిస్టను పైకి లేచును. పిస్టను అడుగున నొక సన్నని సూది కలదు. అది క్రిందికి పోయినకొలది సన్నగిలుచుండును. ఆ సూది జెట్టు అను రంధ్రములో దిగియుండును. పిస్టను లేచినప్పుడు సూదియు లేచి, రంధ్రమున సందు హెచ్చి, పెట్రోలు ఎక్కువగా వచ్చును. ప్రక్కన ఫ్లోటు గిన్నె యుండును. ఇండ్లలోని నీళ్ళ తొట్టియందు నీరు నిండగానే తేలెడు బంతి కుళాయిని మూయునట్లు, గిన్నెలో పెట్రోలు తగిన మట్టమునకు రాగానే ఫ్లోటు లేచి ఒక చిన్న వాల్వును మూయును.

రోగమును నిర్లక్ష్యము చేసినచో కలుగు నష్టములు మూడు. మొదటిది ధననష్టము. లీటరుకు 12 కిలోమీటర్లు నడచు కారు 8 కిలోమీటర్లకు దిగినదనుకొందము. 120 కిలోమీటర్ల ప్రయాణమునకు 10 లీటర్లకు మారుగా 15 లీటర్లు పట్టును. అనగా 5 లీటర్లు వ్యర్థము. రెండవది యంత్రనష్టము. కాలని పెట్రోలు సిలిండరు గోడలపై నున్న నూనెపొరను కడిగివైచి, పిస్టను రింగుల సందున జారి, అడుగునున్న ఇంజను ఆయిలులో కలియును. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. ఆయిలు కొలుచు కడ్డీని తీసి వాసన చూచినచో పెట్రోలు వాసన వచ్చుటయు, ఆయిలు మట్టము తగ్గుటకు మారు పెరుగుటయు దీనికి గురుతులు.

మూడవది ప్రాణనష్టము, దీనిని ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. గాలి చాలక కాలిన పెట్రోలు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును పుట్టించును. మిక్కిలి చిక్కని మిశ్రమముతో నడచు ఇంజను పొగలో నూటికి 6 వంతులుగాని, అంతకు మించిగాని ఈ వాయువుండవచ్చును. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇది మన రక్తమును ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును నడపువాడు మొదట తలనొప్పి యనుకొనును, పిమ్మట నిద్ర యనుకొనును, తుదకు లేవడు. కావున ఇచ్చట చెప్పబోవు పరీక్షల నన్నిటిని ఆరుబయట చేయవలెను. పెట్రోలు గిన్నె విప్పునప్పుడు ఇంజను చల్లారియుండవలెను. బాటరీ తీగ ఊడదీయవలెను. దగ్గర చుట్ట, బీడీ, దీపము లేకుండ చూచుకొని, ఇసుక బాల్చీ నొకదానిని ప్రక్కన నుంచుకొనవలెను. పిల్లలు పెద్దల యెదుట తప్ప ఈ పనులకు పూనుకొనరాదు.

ఇక పరీక్షల వరుస. మొదటిది పొగ రంగు. నల్లని పొగ పెట్రోలు హెచ్చుటకు గురుతు. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుటకు గురుతు. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లని ఆవిరి మానకున్నచో రేడియేటరు నీరు లోనికి పోవుచున్నదేమో చూడవలెను. నీలిపొగను నల్లపొగగా భ్రమించి కార్బురేటరును విప్పుట వలన కాలము, ధనము రెండును వ్యర్థమగును.

రెండవది స్పార్కు ప్లగ్గుల పరీక్ష. కారును చదునైన రోడ్డుపై కొంతదూరము సమవేగముతో నడిపి, తగినచోట నిలిపి, ఇంజను చల్లారిన తరువాత నాలుగు ప్లగ్గులను విప్పి, సిలిండరుల వరుసలోనే బల్లపై నుంచవలెను. ప్లగ్గు మొన లేత గోధుమరంగున నున్నచో మిశ్రమము సరియైనది. దీపపు మసివలె పొడిగా నల్లగా నున్నచో చిక్కనిది. తెల్లగా వెలవెలబారియున్నచో పలుచనిది. జిడ్డుగా నల్లగా నున్నచో అది ఆయిలు.

ఈ నాలుగు ప్లగ్గులను విడివిడిగా గాక కలిపి చదువుట నేర్వవలెను. ఈ యింజనునందు 1, 2 సిలిండరులకు లోనికి పోవు దారి ఒక్కటే. 3, 4 సిలిండరులకు మరియొకటి. ముందరి కార్బురేటరు ముఖ్యముగా మొదటి జంటకును, వెనుకటిది రెండవ జంటకును మిశ్రమము నందించును. కావున 1, 2 ప్లగ్గులు మాత్రమే నల్లనైనచో లోపము ముందరి కార్బురేటరున నున్నది. 3, 4 మాత్రమే నల్లనైనచో వెనుకటిదానిలో నున్నది. నాలుగును నల్లనైనచో రెండు కార్బురేటరులును ఒక్కమారే చెడుట అరుదు గనుక, రెంటికిని ఉమ్మడియైన చోకు తీగ, పెట్రోలు పంపు మొదలగువానిని ముందుగా అనుమానింపవలెను. ఒక్కటే నల్లనైనచో అది కార్బురేటరు దోషము కాదు. ఆ ప్లగ్గో, దాని తీగయో, ఆ సిలిండరు రింగులో కారణము. కానీ ఖర్చు లేని ఈ పరీక్ష వలననే వెదుకవలసిన చోటు చాల కుంచించుకొనిపోవును.

మూడవది పొగను కొలిచి చూచుట. ప్రతి కారు యజమానియు పొల్యూషను సర్టిఫికెట్టు తీసికొనవలసినవాడే. చాలమంది ఆ కాగితమును మడచి దాచుకొందురే గాని దానిపై నున్న అంకెలను చదువరు. అందు రెండంకెలు ముఖ్యము: ఒకటి కార్బన్ మోనాక్సైడు, రెండవది కాలని పెట్రోలు, అనగా హైడ్రోకార్బనులు. ఇట్టి పాత పెట్రోలు కారులకు మన దేశపు నిబంధన ప్రకారము ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు కార్బన్ మోనాక్సైడు నూటికి 3 వంతులకు మించరాదు. ఈ యంకె మిక్కిలి హెచ్చుగా నున్నచో పెట్రోలు అధికమగుచున్నది. ఈ యంకె తక్కువగా నుండి, హైడ్రోకార్బనుల యంకె హెచ్చినచో పెట్రోలు అధికము కాదు. నిప్పురవ్వ సరిగా పడక, వచ్చిన పెట్రోలు కాలకుండ పోవుచున్నది. అట్టి కారున పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గు తీగలు చూడవలెను. రెండు దోషములకును పెట్రోలు వాసన సమానమే. ముక్కు వీనిని వేరుచేయలేదు, అంకె వేరుచేయగలదు.

పెట్రోలే అధికమని తేలిన పిమ్మట, సులభమైన కారణముల నుండి కష్టమైన కారణములకు పోవలెను. అందు మొదటిది చోకు. ఎస్.యు. కార్బురేటరున చోకు లాగినప్పుడు తీగ జెట్టునే క్రిందికి దింపును. సూది చుట్టు సందు హెచ్చి పెట్రోలు ఎక్కువగా వచ్చును. తీగ త్రుప్పుపట్టియో, జెట్టు బిగుసుకొనియో ఉన్నచో, లోపల పిడి నెట్టినను జెట్టు పైకి రాదు. కావున పిడిని నమ్మక, కారు మూత తెరచి, ఒకరు పిడిని నెట్టుచుండగా మరియొకరు రెండు జెట్టులును పూర్తిగా పైకి వచ్చుచున్నవో లేదో కన్నులార చూడవలెను.

రెండవది ఎయిర్ ఫిల్టరు. మన రోడ్ల ఎఱ్ఱదుమ్ము దానిని త్వరగా మూసివేయును. గాలి దారి ఇరుకైనకొలది జెట్టుపై పీల్పు హెచ్చి పెట్రోలు అధికమగును. ఫిల్టరు తీసివేసి కొన్ని నిమిషములు ఇంజనును నడిపి చూచినచో నిజము తేలును. కాని ఫిల్టరు లేకుండ ప్రయాణము చేయరాదు. దుమ్ము సిలిండరులను ఆకురాయివలె అరగదీయును.

మూడవది ఫ్లోటు గిన్నె. తాళము త్రిప్పి ఇంజను నడపక యున్నప్పుడు ఎలక్ట్రికు పంపు కొన్నిమార్లు టక్కుటక్కుమని ఆగవలెను. టాంకులో పెట్రోలుండియు పంపు ఆగక కొట్టుకొనుచున్నచో పెట్రోలు ఎక్కడనో పారిపోవుచున్నది, లేదా పంపునకు వచ్చు గొట్టములో గాలి దూరుచున్నది. గిన్నె పొంగు గొట్టమునుండి బొట్లు పడుచున్నచో సందేహమే లేదు. ఫ్లోటు తీసి చెవి దగ్గర ఆడింపవలెను. లోపల పెట్రోలు చప్పుడైనచో దానికి చిల్లిపడినది, అది తేలలేదు, వాల్వును మూయలేదు. ఫ్లోటు మంచిదైనచో వాల్వు మొన అరిగినదేమో, నలుసు అడ్డుపడినదేమో, రబ్బరు ఉబ్బినదేమో చూడవలెను. అన్నియు బాగున్నను పొంగుచున్నచో పంపు ఒత్తిడిని కొలువవలెను. చదరపు అంగుళమునకు 3 పౌండ్లకు చాల మించిన పంపు ఎంతటి మంచి వాల్వునైనను త్రోసివేయును.

ఇవి యన్నియు సరిగా నున్నప్పుడే సూదికిని జెట్టునకును పోవలెను. జెట్టు రంధ్రపు వ్యాసము 0.090 అంగుళము, సూది మందపు భాగము 0.089 అంగుళము. లెక్కలు నేర్చిన విద్యార్థులు ఈ రెండు వృత్తముల వైశాల్యముల భేదమును కట్టి చూతురుగాక. తరువాత జెట్టు అరిగి వ్యాసము 0.091 అయినదనుకొని మరల కట్టుడు. అచ్చటి సందు ఇంచుమించు రెండింతలగును! అంగుళములో వేయవ వంతు అరుగుదలకే ఇంత భేదము. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు సూది యొక్క మందపు భాగమే జెట్టునకు దగ్గరగా నుండును గనుక, అరిగిన జెట్టు గల కారు ముఖ్యముగా నిలిపియున్నప్పుడు పొగ విడుచును, వేగమున కొంత నయముగా నడచును. ఈ గురుతు ఉపయోగకరమైనది.

సరిచూచుటకు మరియొక చిన్న పరీక్ష కలదు. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగుచుండగా, ఒక కార్బురేటరు పిస్టనును దాని అడుగున నున్న పిన్నుతో అంగుళములో 32వ వంతు మాత్రము పైకెత్తవలెను. ఇంజను వేగము హెచ్చి అట్లే నిలిచినచో మిశ్రమము చిక్కనిది. వేగము పడిపోయి ఆగబోయినచో పలుచనిది. ఒక్క క్షణము హెచ్చి మరల మునుపటి స్థితికి వచ్చినచో సరియైనది. జెట్టు క్రింది నట్టును పైకి త్రిప్పినచో మిశ్రమము పలుచబడును; ఆరు పలకల నట్టును ఒక్కొక్క పలక చొప్పున మాత్రమే త్రిప్పి మరల పరీక్షింపవలెను.

మన ప్రాంతపువారికి మరియొక ప్రశ్న పుట్టును. నర్సీపట్నమున బాగుగ నడచిన కారు లంబసింగి ఘాటు ఎక్కగానే ఏల పొగ విడుచును? మన ఊరు సముద్రమట్టమునకు నూరు మీటర్ల లోపుగనే యున్నది; లంబసింగి సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్నది. అంత ఎత్తున గాలి నూటికి ఇంచుమించు 10 వంతులు పలుచనగును. కార్బురేటరు తనకు తానుగ దీనిని పూర్తిగా సవరించుకొనలేదు. మిశ్రమము నూటికి 5 వంతులు చిక్కబడును. క్రిందనే హద్దున నున్న కారు పైకి పోగానే హద్దు దాటును.

అయితే వేసవి మధ్యాహ్నమునకు చెప్పిన ఈ మాట చలికాలపు వేకువకు చెల్లదు. చల్లని గాలి చిక్కగా నుండును. లంబసింగిలో చలి సున్న డిగ్రీల దరిదాపులకు దిగిన ఉదయమున అచ్చటి గాలి మన ఊరి పగటి గాలికంటె స్వల్పముగా మాత్రమే పలుచన. అట్టివేళ నల్లని పొగ వచ్చినచో ఎత్తును నిందింపరాదు. ఇంజను మొదలుపెట్టుటకు లాగిన చోకు తిరిగి పోలేదేమో ముందుగా చూడవలెను. కారు ఘాటు దిగి ఊరు చేరగానే పొగ మానినచో అది ఎత్తు వలన కలిగినది. ఊరిలోను మానకున్నచో చోకో, ఫ్లోటో, మరియొకటియో కారణము. పైన పొగ వచ్చెనని పైననే నట్టు త్రిప్పుట మంచిది కాదు. అచ్చట సరియైన మిశ్రమము క్రిందికి వచ్చుసరికి పలుచబడి ఇంజనును వేడెక్కించును. అధికమైన వేడి వాల్వులను కాల్చును.

ఈ పరీక్షల నన్నిటికి ఒకటే సూత్రము: ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. ఫిల్టరు, జెట్టు, ప్లగ్గులు మూడింటిని ఒక్కనాడే మార్చినవానికి కారు బాగుపడినను ఏది రోగమో తెలియదు. మరల చెడినప్పుడు మరల మూడింటిని కొనవలసినదే. ఒక నోటుబుక్కు నుంచుకొని తేదీ, చేసిన మార్పు, ప్లగ్గుల రంగు, నడచిన కిలోమీటర్లు, పోసిన లీటర్లు వ్రాసికొనవలెను. టాంకును అంచువరకు నింపి, కొంతదూరము నడిపి, మరల అంచువరకు నింపినచో సరియైన లెక్క వచ్చును. గేజి ముల్లును నమ్మరాదు.

ఇప్పటి క్రొత్త కారులలో కార్బురేటరు లేదు. చిన్న కంప్యూటరు పొగలోని ప్రాణవాయువును కొలిచి పెట్రోలును తగ్గించుచు, హెచ్చించుచు నుండును. ఆ కంప్యూటరు క్షణక్షణము చేయు పనిని పాత కారు యజమాని తన కన్ను, చెవి, నోటుబుక్కులతో చేయవలెను. పాత యంత్రము చెడిపోయినదని పారవైచుటకు ముందు, అది చెప్పుచున్న గురుతులను చదువ యత్నించుట మేలు. చదువరులలో నెవరి యింటనైనను అంబాసిడరో, పాత స్కూటరో మూల పడియున్నచో, పెద్దల అనుమతితో, షెడ్డు తలుపులు తెరచి, కారును ఆరుబయటికి నెట్టి, మొదట ప్లగ్గులను విప్పి వాని రంగును చూడవలెనని కోరుచున్నాము.